గోటి మీద చుక్క

పోయిన ఆదివారం పొద్దున స్వరూప తన కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఈ ఇద్దరూ నాకు అంతకుముందు తెలియరు. చంపాపేట వైపు ఉంటారు. స్వరూప ఇంట్లోనే బట్టలు కుడుతుంది, భర్త స్కూలు బస్సు నడుపుతాడు. పిల్ల పేరు నిత్య, తొమ్మిదో తరగతి. ఏడాది కిందట షుగర్ బయటపడింది. నన్ను చూసే డాక్టరమ్మే ఆ పిల్లనూ చూస్తుంది. కొత్తగా సూది మొదలైన పిల్లల తల్లిదండ్రులను అప్పుడప్పుడూ నా దగ్గరికి పంపడం ఆమెకు అలవాటు. నేనేదో వైద్యం చెబుతానని కాదు. పదకొండేళ్లకే ఈ జబ్బు పట్టుకున్న మనిషి అరవై దగ్గరపడ్డా తింటూ, తిరుగుతూ, పక్కింటివాళ్లతో నీళ్ల మోటారు గురించి పోట్లాడుతూ ఉందని కళ్లారా చూసి పోతారని. నుమాయిష్‌లో పెట్టిన వస్తువునన్నమాట. నాకేమీ అభ్యంతరం లేదు. చూపించుకోవడానికి ఖర్చయ్యేది కాస్త టీపొడే.

స్వరూప సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. రోజుకు నాలుగుసార్లు పిల్ల వేలు పొడుచుకుని, మిషన్ మీద చూసి రాసిన అంకెలు. నూట ఎనిమిది, నూట పదహారు, నూట పన్నెండు. పేజీ తిప్పితే మళ్లీ అవే. నలభై అయిదేళ్లుగా ఈ జబ్బుతో కాపురం చేస్తున్నాను. నాకు వరుసగా రెండు రోజులు అలాంటి అంకెలు వచ్చిన గుర్తు లేదు.

“మా దిక్కుకెళ్లి ఏం తప్పు లేదు మేడం,” అంది స్వరూప. “టైముకు సూది, టైముకు తిండి. బుక్కు జూడుండ్రి, ఒక్కటన్న నూట యాభై దాటిందా? మరి మూడు నెలల టెస్టు జేస్తే మస్తు పెరిగిందంటున్నది డాక్టరమ్మ. గిదేందో సమజైతలేదు. మిషన్ ఖరాబైందంటరా?”

“మిషన్‌కేం కాకపోవచ్చు,” అన్నాను. “ఏదీ బిడ్డా, నా ముంగట ఒకసారి చూపెట్టుకో.”

నిత్య లేచి బేసిన్ దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. సబ్బుతో బాగానే కడుక్కుంది. కానీ తుడుచుకోకుండా వచ్చి కూర్చుంది. వేళ్ల చివర నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. సూదితో పొడుచుకుంది. రక్తం పైకి వచ్చింది, వచ్చీ రాగానే లేత గులాబీ రంగులో వేలి గీతల వెంట పాకిపోయింది. చుక్కగా నిలబడలేదు. మిషన్ మీద నూట ఇరవై ఒకటి అని పడింది. చూశారా అన్నట్టు స్వరూప నా వైపు చూసింది. పిల్ల మాత్రం నేల చూపులు చూస్తోంది. టీ పెట్టుకొస్తానని చెప్పి నేను వంటింట్లోకి లేచాను. ఆ నీళ్లు మరిగేంతసేపు నాకు కాస్త టైము కావాలి. నిలబడని చుక్క అంటే ఏమిటో నాకు చాలా చిన్నప్పుడే, అదీ ఇదే జాగాలో, తెలిసింది.

మాది పాల ఇల్లు. సైదాబాద్‌లో ఇప్పుడు మూడంతస్తులు లేచిన ఈ జాగాలోనే అప్పుడు మా పెంకుటిల్లు, దాని వెనక బర్రెల కొట్టం ఉండేవి. బర్రెలు అయిదు. బాపు కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. షిఫ్టుల మనిషి కాబట్టి ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడు. పాల పనంతా అమ్మది. అమ్మ పేరు యాదమ్మ. పొద్దున కళ్లు తెరవకముందే ముక్కుకు పేడ వాసన తగిలేది, దాని వెనక తొట్టిలో నానిన పత్తిచెక్క వాసన, ఆ తరువాత నురగ తేలిన పచ్చిపాల వాసన. ఈ వరుస ఎప్పుడూ తప్పేది కాదు. వరుస తప్పితే ఏదో బర్రెకు ఒంట్లో బాగా లేదని అర్థం. అమ్మ చేతులకు ఎంత కడిగినా పాల వాసన పోయేది కాదు. ఆ చేతులతోనే అన్నం కలిపి పెట్టేది కాబట్టి మా ఇంట్లో చింతపండు చారు కూడా నాకు కొద్దిగా పాల వాసన వేసినట్టే జ్ఞాపకం.

ఎండాకాలం బర్రెలు తక్కువ ఇచ్చేవి. అప్పుడు రోజూ పోసే వాడిక ఇళ్లకు సరిపోక, బయటినుంచి సైకిల్ మీద క్యాన్లు తెచ్చే ఒకాయన దగ్గర అమ్మ పాలు తీసుకునేది. తీసుకునే ముందు క్యాన్‌లో వేలు ముంచి ఒక చుక్క ఎడమ బొటనవేలి గోటి మీద వేసుకుని, చెయ్యి కొంచెం వంచేది. మంచి పాలైతే చుక్క గోటి మీద నిలబడి, జారినా వెనక తెల్లటి చార విడిచిపెడుతుంది. నీళ్లు కలిస్తే అలా నిలవదు, చార కూడా లేకుండా ఉరుకుతుంది. ఆయన మొదలుపెట్టేవాడు: “యాదమ్మక్కా, నా పిల్లల మీద ఒట్టు...” అమ్మ చెయ్యి తుడుచుకుంటూ అనేది: “ఒట్లెందుకే అన్నా? గోరు చెప్తనే ఉన్నది గదా.” లొల్లి ఉండేది కాదు. క్యాను వాపస్ పోయేది. అమ్మకు తన జీవితంలో ఒకే గర్వం ఉండేది, పాలల్లో నీళ్లు కలపలేదన్న గర్వం. దానిని ఆమె రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయేది.

నా జబ్బు దూపతో మొదలైంది. నీళ్ల గోళెం దగ్గర నిలబడి చెంబు మీద చెంబు తాగేదాన్ని. “గీ పిల్లకు బర్రె దూప పట్టింది,” అని నానమ్మ నవ్వేది. నెల తిరిగేసరికి లంగా నడుము మీద నిలవకుండా జారడం మొదలుపెట్టాక నవ్వడం మానేసింది. నేను కూర్చుని లేచిన చోట కాల్వ పక్కన చీమలు పడుతున్నాయని మొదట చూసింది అమ్మే. అఫ్జల్‌గంజ్ దాకా పోయి పెద్ద దవాఖానాలో చూపిస్తే చక్కెర బీమారి అన్నారు. చిన్న పిల్లలకు చక్కెర బీమారి ఏమిటని మా వాళ్లు నోరు తెరిచారు. బతికినన్నాళ్లు సూది ఇవ్వాలని డాక్టరు చెప్పినప్పుడు బాపు బెంచీ మీద కూలబడ్డాడు. అమ్మ మాత్రం ఒక్క మాటే అడిగింది: “ఎన్ని పూటలు సారూ?” రెండు పూటలని ఆయన చెప్పాడు. అమ్మకు ఆ లెక్క వెంటనే అర్థమైంది. బర్రెలను పిండేది కూడా రెండు పూటలే. “బర్రెను టైముకు పిండకపోతే పొదుగు గడ్డకడ్తది. దీనికి టైముకు సూది పడకపోతే పానం గడ్డకడ్తది,” అని ఇంటికి వచ్చాక నానమ్మకు చెప్పింది. నాకు తెలిసి ఈ జబ్బును అంత తక్కువ మాటల్లో అర్థం చేసుకున్నవాళ్లు మళ్లీ కనిపించలేదు.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. సందూకు పక్కన చల్లటి మూలలో తడి ఇసుక పోసి, దానిమీద కొత్త కుండ పెట్టి, దాంట్లో మందు సీసా దాచేవారు. గాజు సిరంజీని గిన్నెలో వేసి రోజూ మరగబెట్టేవారు. సూది ఇప్పటిలా వాడి పారేసేది కాదు, అదే సూదితో వారాలు గడిచేవి. మొన మొద్దుబారితే బాపు సెలవు రోజున వాకిట్లో కూర్చుని నూనె రాయి మీద దాన్ని సానపట్టేవాడు. పట్టాక దూది మీద మెల్లగా గీసి చూసేవాడు. ఒక్క దూది పోగు తట్టుకున్నా మళ్లీ రాయి మీదికి. అలా గంటసేపు. నాతో రోజుకు నాలుగు మాటలైనా మాట్లాడని మనిషి, ఆ గంటసేపు మాత్రం నా కోసమే కూర్చున్నాడని నాకు తెలిసేది. ఇప్పుడు నా సూది వెంట్రుకంత సన్నగా ఉంటుంది, పెన్నులా ఉండే దాంట్లోంచి గుచ్చితే తెలియను కూడా తెలియదు. మందు ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన ఉంటుంది. తల్లులంతా ఫోనులో గ్రూపు పెట్టుకుని, పిల్లకు జ్వరం వస్తే ఏం చేయాలో అయిదు నిమిషాల్లో ఒకరినొకరు అడిగి తెలుసుకుంటారు. మా అమ్మకు ఆ గ్రూపులో ఉన్నది నలుగురు: తను, బాపు, నానమ్మ, బర్రెలు. బర్రెలను అన్నీ కలిపి ఒకటిగానే లెక్కపెడుతున్నాను.

ఇక పరీక్ష. రక్తం చూసే మిషన్లు ఇళ్లకు ఇంకా రాలేదు. ఒక గాజు గొట్టంలో నీలి మందు పోసి, దాంట్లో నా మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, బట్టల క్లిప్పుతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద కాచాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, పెరిగితే పసుపు, ఇంకా పెరిగితే ఇటుక ఎరుపు. వంటింట్లో కాయబోతే నానమ్మ అడ్డం నిలబడింది. “పొయ్యి కాడ ఉచ్చ కాసుడేందే? లచ్చిమి ఉంటదా ఇంట్ల?” లక్ష్మి పోకుండా ఆ పనిని కొట్టం మూలకు మార్చారు. అమ్మ అక్కడ మోకాళ్ల మీద కూర్చుని గొట్టం కాస్తుంటే, పక్కన బర్రె నెమరేస్తూ చూసేది. వచ్చిన రంగును అమ్మ చెప్పేది, నేను నోటుబుక్కులో రాసేదాన్ని. అమ్మకు రాయడం రాదు.

ఒకసారి బడిలో చక్కెర పడిపోయి బెంచీ మీదే సోలిపోయాను. టీచరు చక్కెర నీళ్లు పట్టించి ఇంటికి పంపింది. ఆ సాయంత్రం నానమ్మ పట్టుబట్టింది. “బడి బంద్ జెయ్యున్రి. రేపు ఏమన్న అయితే ఎవలు జవాబు?” బాపు తన ఫ్యాక్టరీ పద్ధతిలో ఒక తీర్పు చెప్పాడు. అక్కడ పోత పోసిన ప్రతి ముక్కకూ పరీక్ష ఉంటుంది, ఫెయిలైన ముక్క గేటు దాటదు. “వారంల మూడుసార్లు ఎర్రగొస్తే బడి బంద్. మంచిగుంటెనే పోవాలె,” అన్నాడు. దాంట్లో కోపం లేదు. పిల్లను కాపాడుకోవడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. కానీ నాకు బడి అంటే ప్రాణం. లెక్కల్లో నేనే ఫస్టు. ఇంట్లో నేను బీమారి పిల్లను, అక్కడ మాత్రం ఫస్టు వచ్చే పిల్లను. అది పోతే నాకింకేమీ మిగలదని ఆ వయసులోనే గట్టిగా తెలుసు.

అందుకని నీళ్లు కలిపాను. దొడ్లో తడకల చాటున స్నానాల గది, దాంట్లో గోళెం, నా చేతిలో పరీక్షకు మూత్రం పట్టే గ్లాసు. మొదటి రోజు భయంతో కాసిన్ని పోశాను. పసుపు రావలసింది ఆకుపచ్చ వచ్చింది. ఎంత పోస్తే ఏ రంగు వస్తుందో పది రోజుల్లో పట్టేశాను. పాలవాళ్ల పిల్లను కదా. రోజూ నీలమే అయితే అమ్మకు అనుమానం వస్తుందని, వారానికోసారి ఆకుపచ్చ రానిచ్చేదాన్ని. నిత్య బుక్కులో అన్నీ ఒక్క తీరుగా ఉండడం చూసి నాకు ముందే అనిపించింది, ఈ పిల్లకు మోసం చేయడం సరిగా రాదని. ఇది పొగడ్తగానే అంటున్నాను.

రంగుల బుక్కు చూసి దవాఖానాలో డాక్టరు మెచ్చుకున్నాడు. అన్నీ నీలం వస్తున్నాయి కాబట్టి చక్కెర మరీ పడిపోకుండా మందు తగ్గించాడు. ఆయన తప్పేమీ లేదు, బుక్కు చెప్పింది నమ్మాడు. ఆ రోజు తిరుగుదారిలో బస్సులో అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఇంటికి వచ్చి పాలు పోసే ప్రతి ఇంట్లో చెప్పింది: “మా రమకు సూది తగ్గించిండ్రు. గిట్లనే ఉంటే బందే జేస్తరేమో.” నేను ఆ వెనకే గిన్నె పట్టుకుని నడుస్తున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ ఆమె ముఖం చూసి మింగేశాను.

దసరా సెలవులు అయిపోయిన పది రోజులకు నేను పడిపోయాను. అంతకుముందు రోజంతా వాంతులు. ఊపిరి లోతుగా, ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు వచ్చేది. అమ్మ నా మీదికి వంగి మొఖం దగ్గర వాసన చూసి, “మగ్గిన జామపండు వాసనొస్తున్నదేందే,” అన్నది గుర్తుంది. తరువాత రిక్షా కుదుపులు గుర్తున్నాయి. కళ్లు తెరిచేసరికి దవాఖానా మంచం మీద ఉన్నాను, చేతికి సెలైను. మంచం పక్కన డాక్టరు నా నోటుబుక్కు పట్టుకుని ఉన్నాడు.

“అమ్మా, రక్తంలో చక్కెర ఇంత ఉంటే ఈ రంగులు రావడానికి వీల్లేదు. సరిగ్గా కాస్తున్నారా?”

అమ్మ ఒళ్లు ఒక్కసారి నిటారైంది. “సారూ, నేను పాలమ్ముకునేదాన్ని. ఇరవై ఏండ్ల సంది పరాయోళ్ల పిల్లలు తాగే పాలల్ల ఒక్క చుక్క నీళ్లు కలపలే. నా బిడ్డ దాంట్ల కలుపుతనా? మా బర్రెల మీద ఒట్టు, నీలమే వచ్చింది.”

ఒట్లెందుకే అన్నా అనే మనిషి, నా కోసం, అదీ తనకు తెలియని నా అబద్ధానికి, ఒట్టు పెట్టుకుంది. అంత సిగ్గు నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు. డాక్టరు అటు పోగానే చెప్పేశాను.

“అమ్మా, నీళ్లు పోసిన.”

“దేంట్ల?”

“గ్లాసుల. రోజూ. ఎర్రగొస్తే బాపు బడి బంద్ జేస్తడని.”

అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఎడమ బొటనవేలి గోరును కుడిచేత్తో రుద్దుకుంటూ చాలాసేపు కూర్చుంది. “సైకిలోని పాలు చుక్క జూసి పట్టిన,” అంది చివరికి. “ఇంట్ల దాన్ని పట్టకపోతి.” షిఫ్టు దిగి ఫ్యాక్టరీ బట్టలతోనే బాపు వచ్చాడు. అమ్మ లేచి ఆయనకు ఎదురుగా నిలబడింది. “నీ ఫ్యాక్టరీ కానూను ఫ్యాక్టరీల పెట్టుకో. ఏ రంగొచ్చినా నా బిడ్డ బడికి పోతది,” అంది. బాపు తల ఊపాడు. మర్నాడు ఆయన డ్యూటీకి పోలేదని, మా బడికి పోయి టీచరు చేతిలో గ్లూకోజు పొట్లం పెట్టి, పిల్ల సోలిపోతే ఏం చేయాలో రెండుసార్లు చెప్పి, ఆమెతో మళ్లీ చెప్పించుకుని వచ్చాడని తరువాత టీచరే నాకు చెప్పింది.

ఇంటికి వచ్చిన మొదటి పొద్దున కొట్టం మూలకు పోయేసరికి అమ్మ ముందు రెండు గొట్టాలు ఉన్నాయి.

“గా రెండోది ఎవలది?”

“నాది.”

“నీకేమున్నది?”

“ఏం లేదు. నీది కాసినప్పుడు నాది గూడ కాస్త. ఏ రంగొస్తే ఆ రంగు రాయి. ఎర్రగొస్తే మందు పెంచుదాం, గంతే. నీళ్లు మాత్రం పొయ్యద్దు బిడ్డా.”

ఆ తరువాత ఏళ్ల తరబడి మా ఇంట్లో పొద్దున రెండు గొట్టాలు కాగాయి. నాది ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అప్పుడప్పుడు నీలం. అమ్మది ఎప్పుడూ నీలం. బుక్కులో రెండు వరుసలు గీసుకున్నాను. నాది ఎర్రగా వచ్చిన రోజున అమ్మ తన గొట్టం పక్కన పెట్టి చూసి, “రేపు నీది గిట్లయితది,” అనేది. అయ్యేది కూడా, కొన్నిసార్లు. అలా టెన్త్ అయింది, డిగ్రీ అయింది, లెక్కల టీచరుగా ఉద్యోగమూ వచ్చింది. ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక పొద్దున అమ్మ గొట్టం ఆకుపచ్చగా మారినట్టు నాకు కనిపించింది. “మందు పాతదైంది తియ్,” అని అమ్మ వెంటనే పారబోసింది. మర్నాటినుంచి మళ్లీ నీలమే. నేను నమ్మాను. పాల యాదమ్మను నమ్మక ఎవరిని నమ్ముతాను?

ఆరేళ్లు గడిచాక ఒక బర్రె అమ్మ పాదం తొక్కింది. చిన్న గాయం. పసుపు పెట్టింది, ఆకు పసరు పిండింది, నెల రోజులైనా మానలేదు. దవాఖానాకు తీసుకుపోతే రక్తం చూసి, చక్కెర ఈమెకు ఏళ్లనుంచి ఉండి ఉంటుందన్నారు. అందుకే పుండు మానడం లేదని, రెండు వేళ్లు తీసేయాలని చెప్పారు. నేను వార్డు బయటే అమ్మను నిలదీశాను. రోజూ పక్కపక్కనే కాసుకున్నాం కదా, ఇదెట్లా అని.

“నీళ్లు పోసిన,” అంది అమ్మ. చిన్నప్పుడు దవాఖానా మంచం మీద నేను చెప్పిన మాట, అదే గొంతుతో.

“ఎందుకమ్మా?”

“నాగ్గూడ వచ్చిందంటే నీ పానం ఆగమైతదని. నీ పక్కన ఒకటన్న నీలంగ ఉండాలె గదనే.”

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. తెలియక నా అబద్ధానికి ఒట్టు పెట్టుకున్న మనిషి, నా కోసమే జీవితంలో మొదటిసారి నీళ్లు కలిపింది, దానికి రెండు వేళ్లు ఇచ్చింది. నాకు కావలసింది పక్కన నీలం గొట్టం కాదు. పక్కన ఆమె ఉండడమే చాలు. ఆ మాట ఆమెకు సరిగ్గా చెప్పలేకపోయాను. బర్రెలను అమ్మేశాక ఇంకా ఎనిమిదేళ్లు బతికింది. సూది నేనే ఇచ్చేదాన్ని. “అబ్బ, గింత గట్టిగ పొడుస్తవేందే? నేను నీకు గిట్లనే పొడిచిన్నా?” అని ప్రతి పూటా గొణిగేది.

టీ పొంగు వచ్చింది. కప్పులతో పాటు ఒక పొడి తువ్వాలు కూడా తీసుకుని బయటికి వచ్చి, దాన్ని నిత్య ఒళ్లో వేశాను.

“వేళ్లు మంచిగ తుడుచుకొని మళ్లొకసారి చూపెట్టుకో.”

స్వరూపకు అర్థం కాలేదు. పిల్లకు అయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “వద్దు మేడం,” అంది చిన్నగా.

“ఎందుకు బిడ్డా? ఏం బంద్ అయితది?”

నిత్య తల్లి వైపు చూసింది. “కబడ్డీ. రెండొందలు దాటితే గ్రౌండుకు పంపనన్నది మమ్మీ. వచ్చే నెల సెలక్షన్లున్నయ్.”

“ఆడుకుంట ఆడుకుంట పడిపోతదని భయం మేడం,” అంది స్వరూప. తరువాత కూతురి తడి చేతుల వైపు, మిషన్ వైపు మార్చి మార్చి చూసింది. విషయం అప్పుడు తెలిసింది ఆమెకు. ముఖం ఎర్రబడింది. “అంటే గిన్ని దినాల సంది నువ్వు...”

“ఆగు స్వరూపా,” అన్నాను. “నీళ్లు కలిపింది నీ బిడ్డనే. చెంబు చేతికిచ్చింది నువ్వు. మా ఇంట్ల మా బాపు ఇచ్చిండు.” అని, ఇదంతా, ఇక్కడ రాసినంత పొడుగ్గా కాకపోయినా, వాళ్లకు చెప్పాను. ఆటకు ముందు ఎంత ఉండాలో, ఏం తినాలో డాక్టరమ్మనే అడిగి రాయించుకోమన్నాను. నిజం అంకె చూపిస్తేనే ఆమె ఏదైనా చెప్పగలదు, అబద్ధపు అంకెకు మందు తగ్గిస్తే ఏమవుతుందో నా కథలోనే విన్నారు కదా అన్నాను. టీ చల్లారిపోయింది.

నిత్య వేళ్లు తుడుచుకుని పొడుచుకుంది. రెండు వందల ఎనభై ఆరు. స్వరూప పెదవి కొరుక్కుంది కానీ ఏమీ అనలేదు. ఊరుకోవడానికి ఆమె ఎంత కష్టపడిందో నాకు కనిపిస్తూనే ఉంది. నేను నా మిషన్ తెచ్చుకుని నా వేలూ పొడుచుకున్నాను. రెండు వందల నాలుగు.

“మేడం, మీది గూడ పెరిగింది!” అంది నిత్య. వచ్చినప్పటినుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి.

“నిన్న పక్కింట్ల శ్రీమంతం లడ్డు. సగమే తిన్న,” అన్నాను. “రాయి. ఎంతొస్తే గంత.”

రెండు అంకెలూ రాసి, పక్కన ఇంకో గడి గీసి, నిత్య తల్లి వైపు తిరిగింది. “మమ్మీ, నువ్వు గూడ.”

స్వరూప చెయ్యి కొంగు కిందికి పోయింది. “నాకెందుకే? నాకేమున్నది?”

ఆ మాట చాలా తొందరగా వచ్చింది. నేను తువ్వాలు ఆమె ముందుకు జరిపాను. కాసేపటికి ఆమే చెప్పింది, తలెత్తకుండా. “మా నాయినకు ఉండె మేడం. నాగ్గూడ ఈ నడుమ కాళ్లు తిమ్మిర్లు పడుతున్నయ్. ఒకరికే గిట్లుంటే, ఇద్దరికైతే పిల్ల ఆగమైతదని చూపెట్టుకోలే.”

“మా అమ్మ గూడ గిదే అన్నది,” అన్నాను.

నిత్య తన సూది తీసేసి కొత్తది బిగించింది. కొంగు కిందినుంచి తల్లి చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. టీ కప్పు పట్టుకున్న చెయ్యి, భయానికి చెమట పట్టి ఉంది. పిల్ల నా తువ్వాలు అందుకుని ఆ వేలును ఒకటికి రెండుసార్లు, గోటి సందుల్లో కూడా తడి లేకుండా తుడిచింది. పొడిచింది. చుక్క నిలబడింది.